ఢీకొనినపుడు నిలుచునదేది? పోవునదేది?

తిరుపతి నుండి చెన్నైకి పోవు త్రోవలో పుత్తూరు అను పట్టణము కలదు. చిరకాలము చిత్తూరు జిల్లాలో ఉండి, 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరినది. ఎముక విరిగినవారు ఆంధ్రదేశము నుండియే గాక తమిళనాడు, కర్ణాటకముల నుండియు ఈ ప్రాంతమును వెదకికొని వత్తురు. ఊరి చెంతనున్న రాచపాళెములో ఆకు పసరు పట్టించి, వెదురుబద్దలు చేర్చి, గుడ్డతో బిగించి కట్టు కట్టుట తరతరములుగా సాగుచున్నది. 'పుత్తూరు కట్టు' అను మాట తెలుగువారి వాడుకలో ఆ విధముగా స్థిరపడినది.

ఈ వ్యాసము వైద్యమును గూర్చినది కాదు. దానికి ముందు జరుగు సంగతిని గూర్చినది. చెట్టు నుండి జారి నేలను తాకిన బాలుడైనను, బండి మీద పోవుచు లారీకి తగిలిన యువకుడైనను, స్నానాల గదిలో కాలు జారిన వృద్ధురాలైనను ఏదో ఒక వస్తువును ఢీకొనినవారే. ఎముక విరుగవలెనన్న పని జరుగవలెను. పని జరుగవలెనన్న శక్తి వ్యయము కావలెను. ఆ శక్తి ఎక్కడి నుండి వచ్చినది? ఎంత వచ్చినది? దానిని ముందుగానే లెక్కకట్టవచ్చునా? పాఠ్యపుస్తకములలో 'అస్థితిస్థాపక అభిఘాతములు' అను శీర్షిక క్రింద చెప్పు విషయము సరిగా ఈ ప్రశ్నలకు సమాధానమే.

ఈ పాఠములో విద్యార్థులు తడబడుటకు కారణము గణితము కాదు. ఇందలి గుణకారములు, భాగహారములు ఎనిమిదవ తరగతి వానికిని కష్టమైనవి కావు. రెండు నిత్యత్వ నియమములలో దేనిని ఎప్పుడు వాడవలెనో తెలియకపోవుటయే చిక్కు.

రెండు కొలతలు

చలించు వస్తువునకు రెండు కొలతలు కలవు. ద్రవ్యరాశిని వేగముతో గుణించిన ద్రవ్యవేగము వచ్చును. ద్రవ్యరాశిని వేగము యొక్క వర్గముతో గుణించి, అందులో సగము తీసికొనిన గతిజశక్తి వచ్చును. మొదటిదానికి దిక్కు కలదు. తూర్పునకు పోవు ద్రవ్యవేగమును పడమటికి పోవు ద్రవ్యవేగము కొట్టివేయగలదు. రెండవదానికి దిక్కు లేదు. అది ఎన్నడును ఋణ సంఖ్య కాజాలదు. తూర్పునకు పోవు బండి శక్తిని పడమటికి పోవు బండి శక్తి కొట్టివేయదు, రెండును కూడును.

రెండు వస్తువులు ఢీకొనినపుడు మొదటిది రెండవదానిని ఎంత బలముతో ఎంతసేపు త్రోయునో, రెండవదియు మొదటిదానిని అంతే బలముతో అంతేసేపు ఎదురు త్రోయును. ఇది న్యూటన్ మూడవ నియమము. కావున ఒకటి పోగొట్టుకొనిన ద్రవ్యవేగమును రెండవది సరిగా పొందును. మొత్తము మారదు. వస్తువులు ఉక్కువైనను, బంకమట్టివైనను, అవి విరిగినను, అతుకుకొనినను ఈ ఫలితము మారదు.

గతిజశక్తి సంగతి అట్లు కాదు. త్రోపులు సమానమైనను, ఆ త్రోపులు జరిగిన దూరములు సమానము కానక్కరలేదు. ఒక వస్తువు నొక్కుకొనిపోయినచో రెండింటి దూరములకు తేడా వచ్చును. ఆ తేడాలో జరిగిన పనియే నొక్కులుగను, ధ్వనిగను, వేడిగను మారిన శక్తి. శక్తి నిత్యత్వ నియమము ఇక్కడ కూడ తప్పినది కాదు. మొత్తము శక్తి నిలిచియే ఉన్నది. గతిజరూపములో మాత్రము నిలువలేదు.

ఈ భేదము తెలియుటకు శాస్త్రజ్ఞులకు చాలకాలము పట్టినది. 1668-69 సంవత్సరములలో లండనులోని రాయల్ సొసైటీ కోరగా వాలిస్, రెన్, హైగెన్స్ అను ముగ్గురు అభిఘాత నియమములను వ్రాసి పంపిరి. ఢీకొని కలిసిపోవు వస్తువులను వాలిస్ చర్చించెను. ఢీకొని ఎగిరిపోవు వస్తువులను తక్కిన ఇద్దరు చర్చించిరి. చలనమునకు నిజమైన కొలత ద్రవ్యవేగమా, లేక వేగవర్గముపై ఆధారపడు కొలతయా అను వాదము ఆ తరువాత చెలరేగినది. 1720 ప్రాంతములో హాలండు దేశస్థుడైన గ్రావెసాండ్ లోహపు గుండ్లను మెత్తని బంకమట్టిపై జారవిడిచి చూచెను. వేగము రెట్టింపైనచో మట్టిలో ఏర్పడు గుంట నాలుగు రెట్లగుచుండెను. ఈ ఫలితమును ఎమిలీ దు షాత్లే అను ఫ్రెంచి విదుషి 1740లో ప్రకటించిన తన గ్రంథములో సమర్థించినది. పోయిన గతిజశక్తి వేడిగా మారునని 1840 తరువాత జూల్ చేసిన ప్రయోగములతో రూఢి అయినది. నేడు పాఠశాలలో ఒక గంటలో చెప్పు పాఠము వెనుక సుమారు నూట ఎనుబది ఏండ్ల చర్చ కలదు.

సాధించు పద్ధతి

ఇట్టి లెక్కలను సాధించుటకు ఐదు మెట్లు చాలును.

మొదటిది: జరిగిన సంగతిని దశలుగా విభజింపవలెను. ఢీకొనుటకు ముందు, ఢీకొను క్షణము, ఆ తరువాత అని మూడు భాగములు సాధారణముగా ఉండును. ఒక్కొక్క దశకు తగిన నియమము వేరు.

రెండవది: ఒక దిక్కును ధనముగా ఎన్నుకొని, దానికి ఎదురు దిక్కును ఋణముగా గుర్తింపవలెను.

మూడవది: ఢీకొను క్షణమునకు ద్రవ్యవేగ నిత్యత్వమును మాత్రమే వాడి, తరువాతి వేగమును కనుగొనవలెను.

నాలుగవది: వేగములు తెలిసిన పిమ్మట ముందు వెనుకల గతిజశక్తులను లెక్కించి, ఎంత పోయినదో చూడవలెను. శక్తి ఇక్కడ సాధనము కాదు, ఫలితము.

ఐదవది: సమాధానమును పరీక్షింపవలెను. అభిఘాతమువలన గతిజశక్తి పెరిగినట్లు వచ్చినచో, పేలుడు వంటిది లేనిచోట, లెక్క తప్పినదన్నమాట.

రైలు పెట్టెల లెక్క

పుత్తూరు స్టేషను అరక్కోణము, రేణిగుంటల మధ్య, చెన్నై-ముంబయి రైలు మార్గముపై ఉన్నది. మదరాసు వైపునుండి వచ్చిన పట్టాలు, బొంబాయి వైపునుండి వచ్చిన పట్టాలు 1871లో రాయచూరు వద్ద కలియుటతో ఈ మార్గము దేశపు రెండు కొనలను కలిపినది. ఇట్టి మార్గమున తిరుగు సరకు పెట్టెలకు కొనలలో ఉక్కు చేతివంటి కలుపు సాధనములు ఉండును. షంటింగులో ఒక పెట్టె మెల్లగా వచ్చి మరొకదానికి తగిలిన వెంటనే అవి పట్టుకొనును. తగిలిన పిమ్మట రెండును ఒకే వేగముతో కదలును గనుక, ఇది సంపూర్ణ అస్థితిస్థాపక అభిఘాతమునకు చక్కని ఉదాహరణము.

నిండు సరకు పెట్టె 80 టన్నులు, ఖాళీ పెట్టె 20 టన్నులు అనుకొందము. నిలిచియున్న ఖాళీ పెట్టెకు నిండు పెట్టె సెకనుకు 1.5 మీటర్ల వేగముతో వచ్చి తగిలినది. కలిసిన తరువాతి వేగమెంత?

ముందున్న ద్రవ్యవేగము 80,000 × 1.5 = 1,20,000 కి.గ్రా.మీ./సె. ఖాళీ పెట్టె నిలిచియున్నది గనుక దాని ద్రవ్యవేగము సున్న. కలిసిన ద్రవ్యరాశి 1,00,000 కి.గ్రా. కావున తరువాతి వేగము సెకనుకు 1.2 మీటర్లు.

ఇక శక్తి. ముందు: ½ × 80,000 × 1.5 × 1.5 = 90,000 జౌళ్ళు. తరువాత: ½ × 1,00,000 × 1.2 × 1.2 = 72,000 జౌళ్ళు. పోయినది 18,000 జౌళ్ళు, అనగా నూటికి ఇరువది వంతులు.

ఇప్పుడు పెట్టెల పాత్రలను మార్చి చూతము. నిండు పెట్టె నిలిచియున్నది. ఖాళీ పెట్టె అదే 1.5 మీటర్ల వేగముతో వచ్చి తగిలినది. ద్రవ్యవేగము 30,000 కి.గ్రా.మీ./సె. తరువాతి వేగము సెకనుకు 0.3 మీటరు. ముందున్న శక్తి 22,500 జౌళ్ళు. తరువాతి శక్తి 4,500 జౌళ్ళు. పోయినది మరల 18,000 జౌళ్ళు! ఈసారి అది నూటికి ఎనుబది వంతులు.

భాగము మారినది గాని, పోయిన మొత్తము మారలేదు. ఇది కాకతాళీయము కాదు. ఢీకొను రెండు వస్తువుల గతిజశక్తిని రెండు భాగములుగా చూడవచ్చును. ఒకటి, రెండును కలిసి ఒక్క మూటగా ముందునకు సాగుటవలన కలుగు శక్తి. రెండవది, అవి ఒకదానివైపు ఒకటి వచ్చుటవలన కలుగు శక్తి. మొదటి భాగమును ద్రవ్యవేగ నిత్యత్వము కాపాడుచున్నది; మొత్తము ద్రవ్యవేగము మారరాదు గనుక ఆ ఉమ్మడి చలనము ఆగజాలదు. పోగలిగినది రెండవ భాగము మాత్రమే. వస్తువులు అతుకుకొనినచో ఆ భాగము పూర్తిగా పోవును.

ఆ రెండవ భాగమును కనుగొనుటకు సులభమైన సూత్రము కలదు. రెండు ద్రవ్యరాశుల లబ్ధమును వాటి మొత్తముతో భాగింపవలెను. వచ్చినదానిని సాపేక్ష వేగము యొక్క వర్గముతో గుణించి సగము చేయవలెను. పై ఉదాహరణములో 80 × 20 ÷ 100 = 16 టన్నులు. ½ × 16,000 × 1.5 × 1.5 = 18,000 జౌళ్ళు. ఎవరు ఎవరిని ఢీకొనిరి అను ప్రశ్నకు ఈ సూత్రములో చోటే లేదు. సాపేక్ష వేగమొక్కటే లెక్కకు వచ్చును.

ఈ 18,000 జౌళ్ళు ఒక లీటరు నీటిని నాలుగు డిగ్రీలకు కొంచెము పైగా వేడిచేయుటకు సరిపోవును. అంతయు కలుపు సాధనము వెనుకనున్న స్ప్రింగులలోను, ఘర్షణ పలకలలోను, గణగణమను ధ్వనిలోను, లోపలి సరకు కుదుపులోను చేరి, తుదకు వేడిగా మారును. వేగము పెరిగినచో ఈ మొత్తము వేగవర్గము ప్రకారము పెరుగును. అందుచేతనే భారత రైల్వేల సాధారణ నిబంధనలు షంటింగు వేగమును గంటకు 15 కిలోమీటర్లకు పరిమితము చేసి, ప్రేలుడు పదార్థములున్న పెట్టెలకు 8 కిలోమీటర్లు మాత్రమే అనుమతించినవి. పదిహేనును ఎనిమిదితో భాగించి వర్గము చేసినచో సుమారు 3.5 వచ్చును. వేగము సగమునకు తగ్గినది; కుదుపులో విడుదలగు శక్తి మూడున్నర వంతులలో ఒక వంతునకు తగ్గినది.

బండియు లారీయు

ద్విచక్రవాహనము, దానిపై మనిషి కలిసి 200 కి.గ్రా. సెకనుకు 15 మీటర్ల వేగముతో తూర్పునకు పోవుచున్నవి. ఎదురుగా 9,800 కి.గ్రా. లారీ సెకనుకు 10 మీటర్ల వేగముతో పడమటికి వచ్చుచున్నది. ఢీకొని రెండును ఒకటిగా కదలినవనుకొందము.

తూర్పును ధనముగా తీసికొనిన, మొత్తము ద్రవ్యవేగము 3,000 – 98,000 = – 95,000. దీనిని 10,000 కి.గ్రా.తో భాగించిన – 9.5 వచ్చును. అనగా రెండును సెకనుకు 9.5 మీటర్ల వేగముతో పడమటికి సాగును.

ఈ సమాధానమును నిదానముగా చదువవలెను. లారీ వేగము 10 నుండి 9.5కు తగ్గినది, మార్పు అర మీటరు. బండి వేగము తూర్పునకు 15 నుండి పడమటికి 9.5కు మారినది, మార్పు 24.5 మీటర్లు. రెండింటి మీద పడిన బలములు సమానమే, కాలము సమానమే, ద్రవ్యవేగములోని మార్పు కూడ సమానమే. కాని వేగములోని మార్పు 49 రెట్లు భిన్నము. ఈ 49 ఎక్కడిది? లారీ ద్రవ్యరాశిని బండి ద్రవ్యరాశితో భాగింపగా వచ్చినదే. లారీ నడుపువానికి చిన్న కుదుపు; బండి మీదివానికి ప్రాణాపాయము.

శక్తిని కూడ చూతము. బండి శక్తి 22,500 జౌళ్ళు, లారీ శక్తి 4,90,000, మొత్తము 5,12,500. ఢీకొనిన తరువాత ½ × 10,000 × 9.5 × 9.5 = 4,51,250. పోయినది 61,250 జౌళ్ళు. పరీక్ష: 200 × 9,800 ÷ 10,000 = 196; సాపేక్ష వేగము 25; ½ × 196 × 625 = 61,250. లెక్క సరిపోయినది.

పోయిన శక్తి బండికి మొదట ఉన్న శక్తికి రెండున్నర రెట్లకు మించినది. 'నేను మెల్లగానే పోవుచున్నాను, నాకేమగును' అనుకొను బండివాడు తన వేగమును మాత్రమే చూచుకొనుచున్నాడు. లోహమును వంచుటకును, ఎముకను విరుచుటకును ఖర్చగు శక్తిని నిర్ణయించునది సాపేక్ష వేగము. అందులో ఎదుటివాని వేగము కూడ చేరియున్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఋణ గుర్తును మరచి 3,000కు 98,000 కూడినచో తరువాతి వేగము 10.1 వచ్చును. దానితో శక్తిని లెక్కించిన 5,10,050 జౌళ్ళు వచ్చును. ఇది మొదటి మొత్తముకన్న తక్కువే గనుక శక్తి పరీక్షలో ఈ తప్పు బయటపడదు. కాని ఎదురుగా వచ్చిన బండిని ఢీకొని లారీ వేగము పుంజుకొనినదని ఈ సమాధానము చెప్పుచున్నది! అట్లు జరుగునా? అంకెలతో పాటు అర్థమును కూడ పరీక్షింపవలెననుటకు ఇదియే నిదర్శనము.

కూడలిలో అభిఘాతము

వాహనములు ఎదురెదురుగా గాక అడ్డముగా ఢీకొనినచో ద్రవ్యవేగమును రెండు దిక్కులలో వేరువేరుగా నిలుపవలెను. 1,200 కి.గ్రా. కారు సెకనుకు 10 మీటర్ల వేగముతో తూర్పునకు, 600 కి.గ్రా. ఆటో సెకనుకు 15 మీటర్ల వేగముతో ఉత్తరమునకు పోవుచు ఒక కూడలిలో ఢీకొని అతుకుకొనినవి. తూర్పు ద్రవ్యవేగము 12,000. ఉత్తర ద్రవ్యవేగము 9,000. పైథాగరస్ సిద్ధాంతము ప్రకారము మొత్తము 15,000. దీనిని 1,800తో భాగించిన వేగము సెకనుకు 8.33 మీటర్లు. దిక్కు తూర్పునుండి ఉత్తరమునకు సుమారు 37 డిగ్రీలు. శక్తి 1,27,500 జౌళ్ళనుండి 62,500 జౌళ్ళకు దిగినది. 65,000 జౌళ్ళు పోయినవి.

ఇప్పుడు మూడవ దశ. కలిసిన వాహనములు రోడ్డుపై జారుచు పోయి ఆగును. ఘర్షణ గుణకము 0.5, గురుత్వ త్వరణము 10 అని తీసికొనిన, ఘర్షణ బలము 9,000 న్యూటన్లు. 62,500 జౌళ్ళను 9,000తో భాగించిన సుమారు 7 మీటర్లు. ఈ దశలో శక్తి లెక్క చెల్లును. ఎందుకనగా ఇక్కడ శక్తి పోవు త్రోవ మనకు తెలియును. ప్రమాదములను పరిశీలించువారు ఈ దారినే వెనుకకు నడుతురు. రోడ్డుపై టైరు గీతల పొడవును కొలిచి, దానినుండి ఢీకొనిన వెంటనే ఉన్న వేగమును, దానినుండి ద్రవ్యవేగ నియమముతో ముందున్న వేగములను రాబట్టుదురు.

'రోడ్డు ఘర్షణ బయటి బలము గదా, ఢీకొను క్షణమున ద్రవ్యవేగము ఎట్లు నిలుచును?' అని తెలివిగల విద్యార్థి అడుగును. ప్రశ్న సరియైనదే. అభిఘాతము సెకనులో పదవవంతు కాలము జరిగినదనుకొనిన, ఆ కాలములో 9,000 న్యూటన్ల ఘర్షణ మార్చగల ద్రవ్యవేగము 900 మాత్రమే. 15,000తో పోల్చిన అది నూటికి ఆరు వంతులు. కావున నిత్యత్వ నియమము ఇక్కడ ఉజ్జాయింపుగా చెల్లును. కాలము ఎంత స్వల్పమైన, ఉజ్జాయింపు అంత మేలైనది.

తుపాకిగుండు పరీక్ష

నియమములను తారుమారు చేసిన ఎంత పెద్ద తప్పు వచ్చునో చూపుటకు ఆంగ్లేయుడైన బెంజమిన్ రాబిన్స్ 1742లో వివరించిన లోలకమును మించినది లేదు. 10 గ్రాముల గుండు వ్రేలాడుచున్న 4.99 కి.గ్రా. కొయ్యదిమ్మెలో దూరి నిలిచిపోయినది. దిమ్మె 5 సెంటీమీటర్లు పైకి లేచినది. గుండు వేగమెంత?

పైకి లేచు దశలో శక్తి నిలుచును. గురుత్వ త్వరణము 10 అనిన, 5 సెంటీమీటర్లు లేచుటకు మొదట ఉండవలసిన వేగము సెకనుకు 1 మీటరు. దూరు దశలో ద్రవ్యవేగము నిలుచును. 5 కి.గ్రా. × 1 = 0.01 కి.గ్రా. × గుండు వేగము. గుండు వేగము సెకనుకు 500 మీటర్లు.

రెండు దశలను కలిపివేసి, గుండు శక్తియే దిమ్మెను లేపినదని వ్రాసినవానికి సుమారు 22 మీటర్లు వచ్చును. చేతితో విసరిన రాయి కూడ అంత వేగముతో పోగలదు! నిజమునకు గుండు తెచ్చిన 1,250 జౌళ్ళలో దిమ్మెను లేపుటకు మిగిలినది రెండున్నర జౌళ్ళు. తక్కినదంతయు కొయ్యను చీల్చుటకును, వేడికిని పోయినది.

ఇదే పరీక్షను పాఠశాలలో అపాయము లేకుండ చేయవచ్చును. సమానమైన రెండు బంకమట్టి ముద్దలను సమానమైన దారములతో ప్రక్కప్రక్కన వ్రేలాడదీయవలెను. ఒకదానిని 20 సెంటీమీటర్ల ఎత్తునకు లాగి వదలిన, అది రెండవదానికి అంటుకొని, రెండును కలిసి సుమారు 5 సెంటీమీటర్లు లేచును. వేగము సగమైనది, ఎత్తు వేగవర్గముపై ఆధారపడును గనుక నాలుగవ వంతైనది. ముద్దలు సరిగా ఎదురుపడవలెను. తడి మిక్కిలి ఎక్కువ కాకూడదు.

అతుకుకొనని వస్తువులు

ఢీకొనిన ప్రతి రెండు వస్తువులు అతుకుకొనవు. పూర్తిగా ఎగిరియు పోవు. విడిపోవు వేగమును సమీపించిన వేగముతో భాగించిన వచ్చునది ప్రత్యావస్థాన గుణకము. న్యూటన్ 1687లో ప్రకటించిన ప్రిన్సిపియా గ్రంథములో లోలకములతో దీనిని కొలిచి, గట్టిగా చుట్టిన ఉన్ని బంతులకు 5/9, గాజు గోళములకు 15/16 అని తెలిపెను. ఒక మీటరు ఎత్తునుండి విడిచిన బంతి 64 సెంటీమీటర్లు లేచినచో దాని గుణకము 0.64 యొక్క వర్గమూలము, అనగా 0.8. దాని శక్తిలో పోయినది నూటికి 36 వంతులు. గుణకము సున్న అయినచో మనము పైన చూచిన అతుకుకొను అభిఘాతము. ఒకటి అయినచో శక్తి ఏమియు పోని ఆదర్శ అభిఘాతము.

శక్తి పోవుటయే మేలు

'పోయిన శక్తి' అను మాట నష్టమును స్ఫురింపజేయును. కాని మనిషిని కాపాడునది అదియే. మనిషి తల సుమారు 5 కి.గ్రా. అనుకొందము. 1.8 మీటర్ల ఎత్తునుండి పడిన తల నేలను తాకు వేగము సెకనుకు 6 మీటర్లు. గతిజశక్తి 90 జౌళ్ళు. ఈ శక్తి ఎట్లును పోవలసినదే; ఎంత దూరములో పోవునన్నదే ప్రశ్న. కఠినమైన నేలపై 3 మిల్లీమీటర్ల దూరములో ఆగినచో సగటు బలము 90 ÷ 0.003 = 30,000 న్యూటన్లు. శిరస్త్రాణము లోపలి నురుగు పొర నలిగి 30 మిల్లీమీటర్ల దూరములో ఆపినచో 3,000 న్యూటన్లు. ఇవి అసలు సంగతిని సులభపరచిన అంకెలు. పది రెట్ల భేదము మాత్రము నిజమైన విషయమును చూపును.

నురుగునకు బదులు మంచి రబ్బరు బంతి వలె ఎగురు పదార్థమును పెట్టరాదా? పెట్టరాదు. తల 6 మీటర్ల వేగముతో వచ్చి, అంతే వేగముతో వెనుకకు ఎగిరినచో ద్రవ్యవేగములోని మార్పు రెట్టింపగును. మెదడునకు కుదుపు హెచ్చును. నలిగి, మరల లేవని పదార్థమే ఇక్కడ కావలెను. అందుచేతనే ఒకమారు గట్టి దెబ్బ తిన్న శిరస్త్రాణము పైకి బాగుగా కనిపించినను తిరిగి వాడదగినది కాదు. దాని నురుగు చేయవలసిన పని చేసివేసినది. కార్ల ముందుభాగము నలుగునట్లు నిర్మించుటయు, ఎత్తు దుముకు పందెములో ఇసుకయో పరుపులో వేయుటయు ఈ సూత్రము మీదనే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ద్విచక్రవాహనముపై పోవువారికి శిరస్త్రాణమును విధించుట వెనుకనున్న భౌతికశాస్త్రము ఇదియే.

ఎముకలు కూడ కొంత శక్తిని మ్రింగును. తమ పరిమితి దాటినపుడు విరిగి మ్రింగును. విరిగిన పిమ్మట కట్టు కట్టువాడు కాని, వైద్యుడు కాని, ఎక్స్-రే కాని ఆ శక్తిని వెనుకకు పంపజాలవు. ఎముక తానుగా అతుకుకొనుటకు వారాలు, నెలలు పట్టును. అభిఘాతము జరుగు సెకనులో పదవవంతు కాలములో ఎవరును ఏమియు చేయజాలరు. చేయగలిగినదంతయు దానికి ముందే: వేగమును తగ్గించుట, నలుగు పొరను అడ్డుపెట్టుట. మొదటిది శక్తిని వర్గము ప్రకారము తగ్గించును. రెండవది ఆగు దూరమును పెంచును.

విద్యార్థులు గుర్తుంచుకొనవలసినది స్వల్పము. ఢీకొను క్షణమున ద్రవ్యవేగమును నమ్ముడు, దాని ముందు వెనుకల దశలలో శక్తి పోవు త్రోవ తెలిసినచో శక్తిని నమ్ముడు, దిక్కును మరువకుడు, వచ్చిన అంకెకు లోకములో అర్థము ఉన్నదా అని అడుగుడు. ఉపాధ్యాయులు ఈ పాఠమునకు ఉదాహరణములను దూరమునుండి తేనక్కరలేదు. రైలు పెట్టెలు, కూడలులు, బంకమట్టి ముద్దలు అందుబాటులోనే కలవు.

అభ్యాసమునకు ఒక లెక్క. నిలిచియున్న 60 టన్నుల పెట్టెకు 40 టన్నుల పెట్టె సెకనుకు 2 మీటర్ల వేగముతో తగిలి కలిసినది. తరువాతి వేగము, పోయిన శక్తి కనుగొనుడు. పెట్టెల పాత్రలను మార్చిన పోయిన శక్తి మారునో లేదో ముందుగా చెప్పి, తరువాత లెక్కించి చూడుడు. సమాధానము: సెకనుకు 0.8 మీటరు, 48,000 జౌళ్ళు, మారదు.